జంట పన్ను

“ఇదెవరి నోరు?” అంది అత్తగారు.

భోజనాల బల్ల మీద, మంచినీళ్ళ జగ్గు పక్కన, తెల్లటి ప్లాస్టరు పళ్ళు పై వరసా కింది వరసా విడివిడిగా కూర్చుని ఉన్నాయి. వాటికి చుట్టిన తువ్వాలు అత్తగారి చేతిలో ఉంది. పనికి బయల్దేరుతున్న కోడలు ఒక కాలికే చెప్పు వేసుకుని వెనక్కి వచ్చింది.

“నా సంచీ ఎందుకు వెతికారత్తయ్యా?”

“టిఫిన్ డబ్బా పెడదామని తెరిచాను. అదీ తప్పేనా?”

పెళ్ళయిన ఈ మూడేళ్ళలో ఆవిడ కోడలి సంచీలో టిఫిన్ డబ్బా పెట్టిన పాపాన పోలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“మన పిచ్చుక పళ్ళే,” అంది కోడలు. “నిన్న సాయంత్రం అచ్చు తీశాను.”

“ఎవరికి చూపించావు?”

కోడలు జవాబు చెప్పబోయి ఆగిపోయింది. ఎందుకు తీశావని అడగాల్సిన మనిషి ఎవరికి చూపించావని అడుగుతోందేమిటి?

“ఇంకా ఎవరికీ చూపించలేదు.”

“చూపించక్కర్లేదు. డాక్టరు చూశాడు, గురువారం ఆపరేషనన్నాడు, అయిపోయింది. ఆయన్ని మించినదానివా నువ్వు? పళ్ళ సెట్లు కట్టేవాళ్ళంతా డాక్టర్లయిపోతే ఇక ఆసుపత్రులెందుకు?”

ముందు గదిలో ఆడపడుచు పిచ్చుకకి జడ వేస్తోంది. దువ్వెన ఆగింది. పిచ్చుక అద్దంలోంచి పెద్దవాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి, ముందు పళ్ళు లేని సందులోంచి చిన్నగా ఈల వేసింది. ఆ సందు వచ్చినప్పటి నుంచీ పిల్ల నేర్చుకున్న విద్య అదొక్కటే.

ఆ సందే ఇంత గొడవకీ మూలం. రెండేళ్ళ కిందట పిచ్చుక మేడమెట్ల మీద బోర్లా పడి పై వరసలో రెండు పాలపళ్ళు పోగొట్టుకుంది. అప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని ఉన్నది కోడలే. వస్తాయిలే అనుకున్న పళ్ళు ఏడాదైనా రాలేదు, రెండేళ్ళైనా రాలేదు. పిల్లకి తొమ్మిది నిండాయి. క్లాసులో అందరికంటే పొట్టి. ఎక్కాలు రావు. మారుతల్లి సరిగా తిండి పెడుతోందో లేదోనని కింద వాటా ఆవిడ వినపడేటట్టే అంది. అత్తగారు ఆ మాట ఖండించలేదు.

పోయిన వారం డాక్టరు ఎక్స్‌రే తీసి పెదవి విరిచాడు. తొమ్మిదేళ్ళకి ఉండాల్సిన ఎదుగుదల పళ్ళలో లేదన్నాడు. రక్త పరీక్షలన్నీ చేయించాడు, అవన్నీ బాగానే వచ్చాయి. ఇక లాభం లేదు, మత్తిచ్చి, చిగురు కోసి, లోపల దాక్కున్న రెండు పళ్ళకీ సన్నటి గొలుసు అతికించి కిందికి లాగాలన్నాడు.

కోడలికి అనుమానం అక్కడ మొదలైంది. డాక్టరు మీద కాదు, ఇంట్లోవాళ్ళ మీద. కూరల వాడితో వీధి చివరిదాకా వాదించుకుంటూ పోయే అత్తగారు ఆపరేషన్ అనగానే సరేనంది. దగ్గొస్తే నలుగురిని అడిగి మందు తెచ్చే భర్త ఇంకో డాక్టరుకి చూపిద్దామన్న మాటే ఎత్తలేదు. అంత తొందరగా ఒప్పుకోవడం ఆ ఇంటా వంటా లేదు.

“అవి ఇటివ్వండి,” అంది కోడలు.

అత్తగారు ఇవ్వలేదు. కోడలే బల్ల మీది రెండు ముక్కలూ తీసి సంచీలో వేసుకుని, రెండో చెప్పు గుమ్మంలో వేసుకుంది.

* * *

పళ్ళ సెట్లు కట్టే ఆ వర్క్‌షాపులో ఎప్పుడూ కరిగిన మైనం వాసన. ఊళ్ళో డాక్టర్లు పంపిన అచ్చులు అరల నిండా ఉంటాయి. ఒక్కోదాని అడుగున పెన్సిలుతో పేరు, వయసు, తేదీ.

అక్కడ నలభై ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన్ని అందరూ సుద్ద మాస్టారంటారు. చొక్కా మీద, కనుబొమల మీద, టీ గ్లాసు మీద ఎక్కడ చూసినా ప్లాస్టరు పొడే. ఆయనకో సరదా ఉంది. అచ్చు అడుగున రాసింది మూసి చేతికిస్తే, తడిమి వయసు చెప్తాడు. పెద్దవాళ్ళ విషయంలో ఐదారేళ్ళు తప్పుతాడు. పిల్లల విషయంలో మాత్రం తప్పగా ఎవరూ చూడలేదు.

“మాస్టారూ, ఇది చెప్పండి,” అంటూ కోడలు అచ్చు ఆయన ముందు పెట్టింది.

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పళ్ళ మీద బొటనవేలు నడిపించాడు. ఆయన కళ్ళకంటే వేలినే ఎక్కువ నమ్ముతాడు.

“ఆడపిల్లేనా?”

“అవును.”

“ఏడు. నాలుగు నెలలు అటూ ఇటూ.”

“తొమ్మిది దాటాయి మాస్టారూ.”

“ఎవరన్నారు?”

“అందరూ.”

“అందరూ తడిమి చూశారేంటి?” మాస్టారు అచ్చుని ఆమె వైపు తిప్పాడు. “ఇటు చూడు. కింద ముందు పళ్ళ అంచుల మీద మూడేసి బుడిపెలున్నాయి. కొత్తగా వచ్చిన పన్నుకే ఉంటాయవి, నమిలేకొద్దీ అరిగిపోతాయి. ఇవి ఆవగింజంతైనా అరగలేదు. వెనక దవడ పళ్ళు చూడు, ఇంకా పూర్తిగా పైకే రాలేదు.”

“ఆలస్యంగా వచ్చి ఉండొచ్చుగా?”

“ఒకటో రెండో ఆలస్యమైతే పక్కవి ముందుకెళ్ళిపోతాయి. ఇక్కడ అన్నీ ఒక్క అడుగులో నడుస్తున్నాయి. పిల్లకి ఒంట్లో జబ్బేమైనా ఉందా?”

“పరీక్షలన్నీ బాగున్నాయి.”

“అయితే పళ్ళకీ ఏం రోగం లేదు. పై పళ్ళు పాలవి ముందే పోయాయేమో, చిగురు గట్టిపడింది. కాస్త ఆగితే అవే వస్తాయి. ఎక్స్‌రే ఉందా?”

ఆమె ఇచ్చిన ఫిల్ము ఆయన ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో సరదా పోయింది.

“వేరు సగం కూడా పడలేదు. దీన్ని లాగమన్నదెవరు?”

“తొమ్మిదేళ్ళనుకుని డాక్టరు...”

“వేరు పడని మొక్కని లాగినట్టే ఉంటుంది. పన్ను బయటికైతే వస్తుంది. వేరు మాత్రం పొట్టిగా మిగిలిపోవచ్చు. పదహారో ఏటికి కదలడం మొదలుపెడితే ఏం చేస్తారు? అప్పుడు మన దగ్గరికే వస్తుంది, కట్టుడు పన్ను పెట్టమని.” ఫిల్ము కింద పెట్టి ఆమె వైపు చూశాడు. “అడుగున పేరు రాయలేదేం?”

కోడలు అచ్చుని తనవైపు లాక్కుంది.

ఏడేళ్ళయితే, మెట్ల మీద పడ్డప్పుడు పిల్లకి ఐదు. ఐదేళ్ళప్పుడు పోయిన పళ్ళు ఏడేళ్ళకే ఎలా వస్తాయి? రెండేళ్ళుగా ఆమె పిచ్చుక నవ్వినప్పుడల్లా తల తిప్పుకుంటోంది. నా చేతిలోనే పాడైపోయాయని ఏడవని రోజు లేదు. పిల్లకి అసలు వయసే అంతైతే, ఆ సంగతి తెలిసీ తనని ఏడవనిచ్చిన వాళ్ళెవరు? బల్ల మీది మైనం ముక్కని కోపంతో నలిపేసింది.

* * *

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు పిచ్చుకని తీసుకుని బయటికెళ్ళింది. ఆడపడుచు ఒక్కతే కిటికీ దగ్గర కూర్చుని కర్టెను అంచు కుడుతోంది. కర్టెన్ల షాపులో పని ఆమెది. పెళ్ళి కుదిరింది, మగపెళ్ళివారు ఆదివారం మాట ఖాయం చేసుకోవడానికి వస్తున్నారు. పెళ్ళి కళ వచ్చేసిందని చూసినవాళ్ళంతా అంటున్నారు గానీ, కోడలి కళ్ళకి మాత్రం ఆమె చిక్కి సగమైనట్టే కనిపిస్తోంది.

“పిచ్చుకకి మొదటి పన్ను ఎప్పుడొచ్చింది?” మామూలుగా అడిగినట్టే అడిగింది కోడలు.

“ఏడో నెలలో వదినా. జ్వరం కూడా వచ్చింది. చెమ్చా అంచు తగిలితే టక్కుమని చప్పుడైంది, అప్పుడు తెలిసింది.”

“నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావని అత్తయ్య అన్నారే.”

సూది గుడ్డలోనే ఉండిపోయింది.

“అమ్మ చెప్తే విన్నాను.”

విన్న మాట అంత చప్పుడుగా గుర్తుంటుందా? వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఇద్దరూ ఆ బెల్లు అయ్యేదాకా విన్నారు.

“కోస్తే నొప్పి పుడుతుందా వదినా?”

“మత్తిస్తారు. కోసినప్పుడు పుట్టదు. తర్వాత పుడుతుంది.” కోడలు ఆమెనే చూస్తూ చెప్పింది. “నొప్పి సంగతి అలా ఉంచు. వేరు పడకముందే లాగితే ఆ రెండు పళ్ళూ దానికి దక్కవేమోనంటున్నారు మా మాస్టారు. పదహారేళ్ళకే కదలొచ్చట.”

ఆడపడుచు అప్పటిదాకా కుట్టిన అంచుని, అందులో ఏ తప్పూ లేకపోయినా, ఒక్కో కుట్టే విప్పడం మొదలుపెట్టింది.

వీళ్ళందరికీ ఏదో తెలుసు. ఈ ఇంట్లో తనొక్కతికే తెలియదు.

కోడలు బీరువా తెరిచి చిన్న డబ్బీ తీసింది. పోయిన ఏడాది పిచ్చుక కింది పాలపళ్ళు రెండు ఆమె దారం కట్టి ఊడదీసింది. ఒకటి ఊడిన వారానికి ఇంకోటి. రెండూ బియ్యపు గింజల్లా ఒకే కొలత. వాటిని అరచేతిలో పోసుకుని ముందు గదిలోకి నడిచింది.

గోడ మీద ఫోటో ఉంది. భర్త మొదటి భార్య, ఒళ్ళో పది పన్నెండు నెలల పిచ్చుక. ఫోటో తీసిన కొద్ది నెలలకే ఆవిడ పోయిందని పెళ్ళిచూపుల నాడే చెప్పారు. ప్రతి ఆదివారం ఆ అద్దం తుడిచేది కోడలే. ఫోటోలో ఆవిడ మీద ఆమెకెప్పుడూ అసూయ కలగలేదు. పైగా తుడిచేటప్పుడు, నీ కూతుర్ని బాగానే చూసుకుంటున్నానని మనసులో చెప్పుకునేది.

ఇవాళ సంచీలోంచి పని భూతద్దం తీసి ఫోటోకి ఆనించింది.

పాప నోరంతా తెరిచి నవ్వుతోంది. కింది చిగురు మీద రెండు పళ్ళు. ఒకటి మామూలుది. రెండోది దానికి రెండింతల వెడల్పు, నడుమ నిలువునా సన్నటి గీత. జంట పన్ను. పక్క పక్క పళ్ళు రెండు చిగురులోనే అతుక్కుని పుడితే అలా వస్తుంది. వర్క్‌షాపులో ఏడాదికి ఒకటో రెండో చూస్తుంది. కలిసి పుట్టినవి ఊడేదాకా కలిసే ఉంటాయి.

ఆమె అరచేతిలోని గింజల వైపు చూసింది. మళ్ళీ ఫోటో వైపు చూసింది.

ఈ పాప పిచ్చుక కాదు.

* * *

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. గ్రీజు చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడో లేదో, కోడలు ఫోటో తెచ్చి ఎదురుగా పెట్టింది.

“ఏమండీ, ఈ పాప ఎవరు?”

“ఎవరేంటి? పిచ్చుక.”

“ఈ పాపకి జంట పన్ను ఉంది. పిచ్చుకకి లేదు.”

“పాత ఫోటో. ఏదో మచ్చ పడి ఉంటుంది.”

“నేను చేసే పనే పళ్ళు. మచ్చకీ పంటికీ తేడా తెలియదా నాకు?”

ఆయన ఫోటోని తనవైపు తిప్పుకుని చూడనైనా లేదు. చూడకపోవడంతోనే ఆమెకి సగం జవాబు దొరికింది.

“ఈ పాప ఏమైంది?”

ఆయన గొంతు తగ్గించి, “వాళ్ళమ్మతోపాటే పోయింది. ఒకే వారంలో,” అన్నాడు.

కోడలు ఫోటోని తనవైపు తిప్పుకుంది. మూడేళ్ళుగా తను తుడిచిన అద్దం వెనక ఉన్నవాళ్ళు ఇద్దరూ లేరు. ఆయన మీద జాలేసింది. జాలి వెనకే కోపమూ వచ్చింది.

“మరి ఆ పాప బర్త్ సర్టిఫికెట్టుతో పెరుగుతున్న ఈ పిల్ల ఎవరు? ఎవరితో కన్నారు?”

ఆయన దిగ్గున తలెత్తాడు. కొట్టిన దెబ్బ తగిలినట్టే చూశాడు.

“ఆదివారం దాకా ఊరుకో. ఆ తర్వాత ఏదడిగినా చెప్తాను.”

“గురువారం కత్తి పెడుతుంటే ఆదివారం దాకా ఊరుకోవాలా? వయసు తప్పని డాక్టరుకి ఒక్క మాట చెప్తే చాలదూ?”

“సర్టిఫికెట్టు ఎక్కడిదంటారు. స్కూలు దాకా పోతుంది. అక్కణ్ణించి ఎక్కడెక్కడికో పోతుంది.”

“పిల్ల పళ్ళు పోతాయండీ!”

తలుపు వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. “పోతే కట్టు. నీ పని అదేగా.”

వంటింట్లో పిచ్చుక ఎక్కాలు అప్పజెప్తోంది. ఏడో ఎక్కం దగ్గర ఎప్పటిలాగే ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

* * *

గురువారం పొద్దున ఆసుపత్రి వరండాలో నలుగురూ బెంచీ మీద వరసగా కూర్చున్నారు. అత్తగారు రాలేదు. ఆడపడుచుని రావద్దంది కూడా. అయినా ఆమె పిచ్చుక చెప్పులు, నీళ్ళ సీసా, మార్చుకునే గౌను సంచీలో సర్దుకుని వచ్చేసింది.

నర్సు కాగితంతో వచ్చింది. “పిల్ల తల్లి ఎవరు? ఇక్కడ సంతకం పెట్టాలి.”

“నేనే,” అంది కోడలు లేచి. “నేను పెట్టను. ఇందులో వయసు తొమ్మిదని రాశారు. ఈ పిల్లకి తొమ్మిది లేవు. ఒకసారి డాక్టరుగారిని పిలవండి.”

“సర్టిఫికెట్టులో ఉన్నదే రాశామమ్మా. ఇంట్లో తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?”

భర్త లేచాడు. భార్య ముఖం చూడకుండా నర్సుతోనే అన్నాడు. “ఆవిడ కంగారు పడుతోంది సిస్టర్. ఆవిడ కన్నతల్లి కాదు.”

వరండాలో జనం తిరిగి చూశారు. మూడేళ్ళు తల దువ్వి, అన్నం కలిపి, జ్వరాలకి మేలుకున్న మనిషిని ఒక్క ముక్కతో పక్కకి జరిపేశాడాయన. కోడలికి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. సిగ్గేసింది. అంతమందిలో ఒంటరిగా నిలబెట్టినట్టనిపించింది. అయినా కాగితం వదల్లేదు.

“కన్నతల్లి లేకపోతే తండ్రి పెట్టినా చాలు,” అంది నర్సు. “త్వరగా కానివ్వండి. లోపల మత్తు డాక్టరు చూస్తున్నారు.”

భర్త కాగితం కోసం చెయ్యి చాచాడు. కోడలు వెనక్కి లాక్కుంది. “ఏమండీ, మీ కాళ్ళు పట్టుకుంటాను,” అంది.

అప్పుడు ఆడపడుచు లేచింది. సంచీ బెంచీ మీద పెట్టింది. అన్నయ్య జేబులోంచి పెన్ను తీసుకుంది.

“ఇటివ్వు వదినా.”

ఇది కూడా వాళ్ళ పక్షమేనని కోడలు కాగితం ఇంకా బిగించి పట్టుకుంది. కానీ ఆడపడుచు కళ్ళలోకి చూశాక వేళ్ళు వాటంతటవే వదిలాయి.

“నువ్వు కూర్చో,” అన్నాడు అన్న. ఆ గొంతులో అధికారం లేదు, బతిమాలడమే ఉంది. “ఆదివారం వాళ్ళొస్తున్నారు. నా మాట విను.”

ఆమె వినలేదు. కాగితం గోడకి ఆనించింది. వయసు దగ్గర తొమ్మిదిని రెండు గీతలతో కొట్టేసింది. పక్కన ఏడు వేసింది. ఒప్పుకుంటున్నానన్న వాక్యం మీద పెద్ద అడ్డగీత గీసింది. తర్వాత కిందికి వచ్చి, తల్లి అని అచ్చువేసి ఉన్నచోట, పొల్లు పోకుండా తన పేరు రాసి సంతకం పెట్టింది.

నర్సు ఆ కాగితం వైపు, ఆ ముగ్గురి వైపు చూసింది. కోడలు ఆడపడుచు మోచెయ్యి పట్టుకుంది, పడిపోతుందేమోనని. పడిపోయేలా ఉన్నది ఎవరో ఆమెకే తెలియలేదు. భర్త బెంచీ మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

పిచ్చుక బెంచీ దిగి వచ్చి, మునివేళ్ళ మీద నిలబడి కాగితంలోకి తొంగి చూసింది. కూడబలుక్కుని చదివింది. ముందు పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది.

“అత్తా, రెండు తప్పులు రాశావు!”